జోర్డన్ బేస్‌బాల్ రోజుల షూస్ సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మైకేల్ జోర్డన్ బాస్కెట్‌బాల్ వదిలి బేస్‌బాల్ ఆడిన రోజుల షూస్ సేకరించాలనుంది, ఏవి కొనాలి, నకిలీ అంటగడితే ఎలా తెలుస్తుంది అని అడిగారు. నేను అమెరికాలో ఉంటూ చాలా ఏళ్లుగా జోర్డన్ షూస్ సేకరిస్తున్నాను, వాటిలో ఎయిర్ జోర్డన్ 9 (జోర్డన్ పేరుతో నైకీ తెచ్చిన షూస్ వరుసలో తొమ్మిదోది) అంటే నాకు ప్రాణం.

ఎందుకంటే 1993 జులైలో తండ్రి హత్యకు గురయ్యాక అక్టోబర్‌లో జోర్డన్ ఆట మానేశాడు, నవంబర్‌లో 9 షాపుల్లోకి వచ్చింది, అంటే తన పేరుతో వచ్చిన షూ వేసుకుని కోర్టులో దిగడానికి ఆ సీజన్లో అతనే లేడు. 1994లో అలబామాలో బర్మింగ్‌హామ్ బారన్స్ అనే బేస్‌బాల్ జట్టుకి ఆడినప్పుడు ఇదే 9ని అడుగున స్పైక్స్ పెట్టి అతని కోసం బేస్‌బాల్ క్లీట్స్‌గా చేశారు. షికాగోలో యునైటెడ్ సెంటర్ స్టేడియంలో ఉన్న అతని విగ్రహానికి ఉన్నవీ ఈ 9లే. బారన్స్‌లో 127 మ్యాచ్‌లు ఆడితే బ్యాటింగ్ సగటు .202 (అంటే వందకి సుమారు 20 సార్లే హిట్ కొట్టాడు), హోమ్ రన్లు 3, అందుకే అదొక ఫెయిల్యూర్ అంటారు. నేను ఒప్పుకోను. హైస్కూల్ తర్వాత బేస్‌బాల్ ముట్టని మనిషి 31 ఏళ్ల వయసులో డబుల్-ఎ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింది స్థాయి) పిచర్లని ఎదుర్కొని తన బ్యాటింగ్‌తో జట్టుకి 51 పరుగులు రాబట్టాడు, 30 బేస్‌లు స్టీల్ చేశాడు, అంటే బంతి విసిరేలోపు పరుగెత్తి తర్వాతి బేస్ అందుకున్నాడు!

కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి ముందు 2014లో వచ్చిన 'బారన్స్' రెట్రో 9 (పాత మోడల్‌ని మళ్లీ తయారుచేసింది) చూడండి, వేసుకోవచ్చు కూడా. 1993 నాటి ఒరిజినల్ దొరికితే మాత్రం కాలికి వేయొద్దు, 30 ఏళ్ల జిగురు నడిస్తే ఊడిపోతుంది. మీది వైజాగ్ అన్నారు, అక్కడి తేమకి పాత జిగురు, ఫోమ్ ఇంకా త్వరగా పాడవుతాయి, కాబట్టి ఏసీ ఉండి ఎండ పడని గదిలో పెట్టండి.

అతను మ్యాచ్‌లో వేసుకున్న క్లీట్స్ అని ఎవరైనా అమ్మజూపితే, సంతకం చూసి నమ్మేయకండి. సంతకం నిజమైనదే కావచ్చు, అంతమాత్రాన ఆ జత అతను వేసుకున్నట్టు కాదు. గీతలు, మరకలు, కుట్లు అప్పటి మ్యాచ్ ఫొటోలతో కలుస్తున్నాయా అన్నది చూడాలి, వేలంలో అసలు ధర పలికేది దానికే. సైజు కూడా చూడండి, అతనిది 13, కొన్ని జతల్లో కుడి కాలిది 13.5. నాకు ఒకాయన సంతకం ఉన్న జత ఫొటోలు పంపితే రెండూ 11 సైజు, అక్కడే వద్దనేశాను.

లోపలి ట్యాగ్, అడుగు, మడమ దగ్గరి నుంచి తీసిన ఫొటోలు అడగండి. ఇవ్వడానికి నసిగితే ఆ బేరం వదిలేయండి.