బౌలింగ్ బాల్ తాగిన నూనె వదిలేదెలా?

ప్రశ్న: ఆరు నెలల కిందట 15 పౌండ్ల రియాక్టివ్ రెసిన్ బాల్ కొన్నాను. వారానికోసారి లీగ్‌లో మూడు గేమ్‌లు ఆడతాను. మొదట్లో పిన్నుల దగ్గరికి వచ్చేసరికి చక్కగా మలుపు తిరిగేది, ఇప్పుడు తిన్నగా పోతోంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్ పెట్టి రుద్దితే కొత్తదానిలా అవుతుందంటున్నారు. నిజమేనా? (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: అసిటోన్ జోలికి పోకండి. అది నూనెతో ఆగదు, బాల్ పైపొరనే మెత్తబరుస్తుంది. వేళ్ల రంధ్రాల్లో ఉండే మెత్తటి తొడుగులను (ఇన్‌సర్ట్‌లను) పట్టి ఉంచే జిగురు కూడా ఊడొస్తుంది. పెయింట్ థిన్నర్, ఎంఈకే అనే ఘాటు ద్రావకం కూడా ఆ కోవలోవే. 1973లో డాన్ మెక్‌క్యూన్ అనే ప్రొఫెషనల్ ప్లాస్టిక్ బాళ్లను ఎంఈకేలో నానబెట్టి, మెత్తబడ్డ బాల్ లేన్‌ను (బాల్ దొర్లే బాటను) గట్టిగా పట్టుకోవడంతో ఆ ఏడాది వరసగా టైటిళ్లు కొట్టాడు. బాల్ గట్టిదనానికి నియమాలు ఆ తర్వాతే వచ్చాయి. గట్టిదనం కొలిచే షోర్ డి స్కేలు మీద 72 కంటే తక్కువ చూపించే బాల్ ఇప్పుడు పోటీలకు పనికిరాదు.

మీ బాల్‌కి వచ్చింది మురికి సమస్య కాదు, దాహం సమస్య. 60 అడుగుల లేన్‌లో మామూలుగా ముందు 40 అడుగుల దాకా నూనె పూసి ఉంటుంది. రియాక్టివ్ రెసిన్‌లో కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి, అవి ఆ నూనెను తాగేస్తాయి. విసిరిన బాల్ తిరిగి రాగానే వెలుతురుకి పట్టి చూడండి. పక్కపక్కనే సన్నని నూనె గీతలు కనిపిస్తాయి, రెండు చోట్ల అవన్నీ ఢమరుకం నడుములా దగ్గరికి వస్తాయి. ఆ గీతల్ని అప్పటికప్పుడు మైక్రోఫైబర్ టవల్‌తో తుడవడమే అన్నిటికన్నా పెద్ద వైద్యం.

ఆట అయిపోగానే, బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే క్లీనర్ వాడాలి. సంచిలో పెట్టి మర్నాడు చూద్దాంలే అనుకుంటే నూనె అప్పటికి లోపలికి దిగిపోతుంది. రియాక్టివ్ బాళ్ల కోసం అమ్మే క్లీనర్ ఏదైనా ఫరవాలేదు, కానీ యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ నియంత్రణ సంస్థ) ఆమోదించిన జాబితాలో ఉందో లేదో చూసి కొనండి. ఇంట్లో కలుపుకోవాలంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సింపుల్ గ్రీన్ లాంటి డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం), నీళ్లు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు. బ్లీచ్ మాత్రం చుక్క కూడా కలపకండి, ఆల్కహాల్‌తో కలిస్తే విషవాయువులు వస్తాయి. మంట దగ్గర ఈ పని పెట్టుకోకండి.

నాలుగైదు సార్లు స్ప్రే కొట్టి, ఆరిపోకముందే రుద్ది తుడవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆల్కహాల్ ఆవిరైపోతే అది కరిగించిన నూనె మళ్లీ బాల్ మీదే మిగులుతుంది. తర్వాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. లేకపోతే డీగ్రీజర్ పొర అంటుకుని ఉంటుంది.

మీరు ఇప్పటికే 75 గేమ్‌ల దాకా ఆడారు కాబట్టి పైపై తుడుపు చాలదు. వేళ్ల రంధ్రాలకు టేపు వేసి, బకెట్‌లో కుళాయి వేడినీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేసి బాల్‌ను 20 నిమిషాలు ముంచండి. నీళ్లు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చాలు. పొయ్యి మీద మరిగించినవి పోస్తే బాల్ పగలొచ్చు. ఓవెన్, డిష్‌వాషర్ మాట అసలు ఎత్తకండి. పైకి తీయగానే తేలిన నూనెను వెంటనే తుడవండి, చల్లారితే మళ్లీ లోపలికే పోతుంది. నీటి మీద నూనె పొర కనిపించకుండా పోయేదాకా నీళ్లు మార్చి మళ్లీ ముంచండి. టేపు తీసి, రంధ్రాలు కిందికి ఉండేలా ఒక రోజు ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు. పిల్లల 10 పౌండ్ల బాల్ అయితే నీళ్లలో తేలుతుంది, మధ్యమధ్యలో తిప్పుతూ ఉండాలి.

ఇంత చేసినా మలుపు రాకపోతే తప్పు నూనెది కాదు, లేన్ రాపిడికి బాల్ ఉపరితలం నునుపైపోయి ఉంటుంది. ప్రో షాపులో (బౌలింగ్ సామాను దుకాణంలో) ఉప్పుకాగితం లాంటి అబ్రలాన్ ప్యాడ్‌లతో మళ్లీ గరుకు చేయించండి.

ప్రశ్న: మాల్‌లో అద్దె బాల్‌తో ఆడతాం. అందరి చేతులూ పడ్డది కదా, శానిటైజర్ రాసి తుడవొచ్చా? (మాదాపూర్, హైదరాబాద్)

జవాబు: అద్దె బాళ్లు ఎక్కువగా పాలిస్టర్‌వి, అంటే ప్లాస్టిక్. నూనె తాగవు, పొడిగుడ్డ చాలు. శానిటైజర్ బాల్‌కి కాదు, మీ చేతులకి రాసుకోండి. చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, అది రంధ్రంలో జిగటగా మిగిలితే బొటనవేలు సమయానికి ఊడి రాదు.

ప్రశ్న: టోర్నమెంట్‌లో గేమ్ మధ్యలో స్ప్రే కొట్టొచ్చా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: యూఎస్‌బీసీ గుర్తింపు ఉన్న పోటీల్లో 2019 ఆగస్టు 1 నుంచి కుదరదు, ఆల్కహాల్‌తో సహా ఏ ద్రవమూ వాడకూడదు. పొడి టవల్ ఒక్కటే. రెండు తెచ్చుకోండి, మూడో గేమ్‌కి మొదటిది నూనెతో తడిసిపోతుంది.