అప్పు తీరేదాకా ఎవరినీ కలవకూడదా?

ప్రశ్న: నా వయసు 32. నేనూ మావారూ ఇద్దరమూ ఉద్యోగస్తులమే. ఇల్లు మారినప్పుడు కొంత, ఆ తర్వాత మావారు ఉద్యోగం లేకుండా ఉన్న రోజుల్లో మరికొంత అప్పు చేశాం. ఇప్పుడు రెండు క్రెడిట్ కార్డుల బకాయిలు, ఒక పర్సనల్ లోన్, నా స్నేహితురాలి దగ్గర తీసుకున్న చేబదులు మిగిలి ఉన్నాయి. అవన్నీ తీరేదాకా పుట్టినరోజులకు గానీ, స్నేహితుల కలయికలకు గానీ వెళ్లేది లేదని మావారు తీర్మానించారు. అయిదు నెలలు ఏవో సాకులు చెప్పి తప్పించుకున్నాను. ఆరో నెలలో స్నేహితురాళ్లు విహారయాత్ర పెట్టుకుంటే మనసు ఆగక, కార్డు మీద ఖర్చుపెట్టి వెళ్లివచ్చాను. అయిదు నెలల్లో కూడబెట్టిందంతా ఆ మూడు రోజుల్లో పోయింది. అప్పటి నుంచి మావారు నాతో ముభావంగా ఉంటున్నారు. చేబదులు ఇచ్చిన స్నేహితురాలి ఫోను ఎత్తడానికి ముఖం చెల్లడం లేదు. అప్పు తీర్చడమూ, నలుగురితో కలిసి మెలిసి ఉండడమూ రెండూ సాధ్యమేనా?

సమాధానం: సాధ్యమే. మీవారి లెక్కలో తప్పు లేదు. ఖర్చు ఆపితే డబ్బు మిగులుతుంది, మిగిలింది అప్పుకు జమ అవుతుంది. అయితే అది ఎంతకాలం సాగుతుందన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. ఒకటి రెండు నెలల పాటు ఎవరైనా తలుపు వేసుకుని కూర్చోగలరు గానీ, రెండు మూడేళ్లు పట్టే అప్పుకు అదే నియమం పెట్టుకుంటే ఏదో ఒక నెలలో అది తెగిపోతుంది. అలా తెగిన రోజున అయ్యే ఖర్చు, మామూలుగా వెళ్లి వచ్చి ఉంటే అయ్యే ఖర్చు కన్నా చాలా పెద్దదిగా ఉంటుంది. ఆ విహారయాత్రను మీరు మీ బలహీనతగా, మీవారు మీ నిర్లక్ష్యంగా చూస్తున్నట్టున్నారు. నాకు మాత్రం అది అయిదు నెలల సాకుల పర్యవసానంగానే కనిపిస్తోంది.

మనుషులను కలవడానికయ్యే ఖర్చును అప్పుకు శత్రువుగా చూడడం మాని, అప్పు తీర్చే ప్రణాళికలోనే దానికి ఒక గీత గీసి చోటు పెట్టండి. ఇది మెత్తని మాటగా అనిపించవచ్చు గనుక, మీవారికి నచ్చే భాషలోనే, అంటే అంకెల్లోనే చెబుతాను.

మీ కార్డుల మీద ఉన్న బకాయిని 100 భాగాలు అనుకుందాం. వడ్డీ నెలకు 3 శాతం అనుకుందాం; మీ కార్డుల అసలు రేటు నెలవారీ స్టేట్‌మెంటులో ఉంటుంది, అది చూసి సరిచేసుకోండి. నెలకు 3 శాతం అంటే చాలామంది ఏడాదికి 36 అనుకుంటారు గానీ, వడ్డీ మీద వడ్డీ కలిసి అది 42 శాతం దాటుతుంది. బిల్లులో చూపే కనీస మొత్తం బకాయిలో 5 శాతం అనుకుని, ప్రతి నెలా అంతే కడుతూ వెళితే, బకాయి తగ్గేకొద్దీ మీరు కట్టేదీ తగ్గుతుంది గనుక, 31 నెలలు గడిచిన తర్వాత కూడా సగానికి పైగా అప్పు అలాగే ఉంటుంది. అలా కాకుండా నెలకు 5 భాగాల చొప్పున, బిల్లులో ఎంత చూపించినా పట్టించుకోకుండా, ఒకే మొత్తం కడుతూ వెళితే సరిగ్గా ఆ 31 నెలల్లోనే మొత్తం తీరిపోతుంది. మొదటి నెలలో రెండు దారులకూ తేడా దాదాపు ఏమీ లేదు. మీరు ప్రస్తుతం కనీస మొత్తాలే కడుతున్నట్టయితే, స్నేహితుల విషయం కన్నా ముందు మార్చవలసింది అదే.

ఇక ఆ 5 భాగాల్లోంచి అర భాగం తీసి మీరు మనుషులను కలవడానికి పెట్టుకున్నారనుకుందాం. అప్పుకు నెలకు 4.5 భాగాలే వెళతాయి. అదే 3 శాతం వడ్డీ మీద అప్పు తీరడానికి 38 నెలలు పడుతుంది. మీవారి భయానికి ఆధారం ఇదే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ కార్డు బకాయిని అంతకన్నా తక్కువ వడ్డీ ఉన్న వాయిదాల రుణంగా మార్చుకుని, రేటును నెలకు 1.5 శాతానికి తేగలిగితే, అదే 4.5 భాగాలతో 28 నెలల్లో తీరిపోతుంది. అంటే ఎవరినీ కలవకుండా పళ్ల బిగువున 31 నెలలు గడపడం కన్నా, వడ్డీ తగ్గించుకుని నెలనెలా కొంత స్నేహితుల కోసం ఖర్చుపెట్టుకుంటూనే మూడు నెలలు ముందు బయటపడవచ్చు. అప్పులో ఉన్నవాళ్లు చిన్న చిన్న సరదాల మీద కత్తెర వేయడానికి చూపే పట్టుదల వడ్డీ రేటు మీద ఎందుకు చూపరో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. బహుశా సరదా మానుకుంటే ప్రాయశ్చిత్తం చేసుకున్నట్టు ఉంటుంది, బ్యాంకుకు వెళ్లి రేటు అడగడంలో ఆ తృప్తి ఉండదు.

మార్చుకునే ముందు రెండు విషయాలు చూసుకోండి. కొత్త రుణానికి ప్రాసెసింగ్ ఫీజు ఎంత, గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా ఉంటుందా అని అడిగి, ఆ మొత్తాన్ని కూడా లెక్కలో కలపండి. రెండోది అంతకన్నా ముఖ్యం: బకాయి కొత్త రుణంలోకి వెళ్లి కార్డు ఖాళీ అయిన తర్వాత దాన్ని మళ్లీ వాడితే అప్పు ఒకటికి రెండవుతుంది. కార్డు మీద పాత బకాయి ఉన్నంతకాలం, చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మీ యాత్ర ఖర్చు అలా ఇప్పటికీ పెరుగుతూనే ఉండి ఉంటుంది. కనుక స్నేహితులతో గడిపే ఏ సాయంత్రానికీ కార్డు వాడకూడదన్నది మాత్రం సడలింపు లేని నియమంగా పెట్టుకోండి.

ఇంటి ఖర్చులూ వాయిదాలూ పోగా నెలకు మిగిలే దాన్ని పది భాగాలు చేసి, ఎనిమిది అప్పుకు అదనంగా, ఒకటి అనుకోని ఖర్చులకు, ఒకటి మనుషులకు అని నేను సాధారణంగా చెబుతాను. ఇందులో శాస్త్రమేమీ లేదు, మీ ఇంటి పరిస్థితిని బట్టి మార్చుకోవచ్చు. మార్చకూడనిది ఒకటుంది. మనుషుల కోసం పెట్టుకున్న సొమ్ము జీతం వచ్చిన రోజునే విడిగా, వేరే ఖాతాలోనో నగదుగానో పక్కకు వెళ్లాలి. నెలాఖరున మిగిలితే చూద్దాంలే అనుకున్నది ఎన్నటికీ మిగలదు. ఈ నెల ఖర్చు కానిది వచ్చే నెలకు కలవనివ్వండి. మూడు నెలలు పోగేసుకుని ఒక పెద్ద కలయికకు వెళ్లాలా, నెలకొకసారి చిన్నగా కలవాలా అన్నది మీ ఇష్టం. ఆ మొత్తాన్ని మీ ఇద్దరికీ చెరిసగం పంచుకుని, ఎవరి వాటా ఎవరు ఎలా ఖర్చుపెట్టారో రెండోవారు అడగకూడదని ముందే ఒప్పుకోండి. మీవారికి కూడా స్నేహితులు ఉండే ఉంటారు. ఆయన ఎవరినీ కలవడం లేదంటే అది నిగ్రహమే అయి ఉండాలని లేదు, ఉద్యోగం పోయిన రోజుల నాటి చిన్నతనం ఇంకా ఆయనను వదలకపోయి ఉండవచ్చు. మీ ఉత్తరంలో ఆయన గురించి కోపమే ఎక్కువగా కనిపించింది గనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు బల్ల దగ్గర జరిగేది చూద్దాం. ఎనిమిది మంది భోజనానికి కూర్చుంటారు. మీరు ఇంట్లో ఏదో కాస్త తిని వచ్చి, అన్నిటికన్నా చవకైనది ఒక్కటి తెప్పించుకుంటారు. పక్కవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చెబుతూ పోతారు. చివర్లో ఎవరో బిల్లు అందుకుని, ఫోనులో లెక్క వేసి, తలా ఇంత అంటారు. అప్పటికే నలుగురు డబ్బు పంపేసి ఉంటారు. మీరు నోరు విప్పితే పిసినారి అంటారేమోనని, మీరు తిననిదానికి కూడా నవ్వుతూ కడతారు. ఇంటికి వస్తూ దారి పొడవునా ఆ అంకెనే తలచుకుంటారు. వచ్చే నెల పిలుపు వచ్చినప్పుడు మీకు గుర్తొచ్చేది స్నేహితురాళ్ల కబుర్లు కాదు, ఆ అంకే; అందుకే సాకు వెతుక్కుంటారు. ఈ క్షణంలో ధైర్యం తెచ్చుకోమని నేను చెప్పను, ఎందుకంటే ఆ క్షణంలో మొహమాటం అందరినీ గెలుస్తుంది. చెప్పవలసింది ముందు రోజే, పిలిచినవారికి విడిగా, ఇలా రెండు వాక్యాల్లో చెప్పండి: “రేపు వస్తాను. ఈ మధ్య కొంచెం అప్పు తీర్చుకుంటున్నాను, అందుకని నా బిల్లు విడిగా కడతాను.” అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. లేదా భోజనాలయ్యాక కబుర్ల వేళకు చేరుకోండి, చాలా కలయికల్లో బాగుండేది ఆ గంటే.

అన్నిటికన్నా చవకగా కలవాలంటే మీరే ముందు పిలవాలి. చోటు మీరు ఎంచుకుంటే ఖర్చూ మీ చేతిలో ఉంటుంది. పొద్దున్నే కలిసి నడవడం, ఒకరి ఇంట్లో తలా ఒకటి వండి తెచ్చుకుని తినడం, ఎలాగూ చేయవలసిన కొనుగోళ్లకు తోడుగా వెళ్లడం, ఇవన్నీ దాదాపు ఖర్చు లేనివే. ఆహ్వానాలకు వరసగా రానని చెప్పే మనిషిని నాలుగోసారి ఎవరూ పిలవరు. ఒకదానికి రానని చెబుతూనే మరొకదానికి పిలిచే మనిషిని ఎవరూ దూరం పెట్టరు. అయితే మీ బృందంలో మీ పరిస్థితి తెలిసి కూడా ఎప్పుడూ ఖరీదైన చోటే కావాలనేవారు ఒకరిద్దరు ఉండవచ్చు. వాళ్ల కోసం ప్రణాళిక మార్చకండి, వాళ్లతో తగువూ పడకండి.

కానుకల విషయంలో ఉమ్మడి చందా వేసేటప్పుడే మీరు ఇవ్వగలిగింది ఎంతో చెప్పి, అంతే ఇవ్వండి. విహారయాత్రల విషయం వేరు. వాటికి మీరు పక్కన పెట్టుకునే సొమ్ము చాలదు, చాలినట్టు చేయాలని చూడకండి. ఈ ఏడాది యాత్రలకు రాలేనని ఒక్కసారే, ఏడాది మొత్తానికీ కలిపి చెప్పేస్తే, ప్రతిసారీ నిర్ణయించుకునే బాధ తప్పుతుంది.

అప్పు సంగతి అందరికీ చెప్పాలా అన్న సందేహం మీకు రావచ్చు. అక్కర్లేదు. ఎంత అప్పు, ఎవరి దగ్గర, ఎందుకు చేశారు అన్నవి మీ ఇంటి విషయాలు, పైగా మీవారి ఉద్యోగం సంగతి ఆయన అనుమతి లేకుండా మీరు చెప్పదగినది కాదు. అప్పు తీర్చుకుంటున్నామన్న ఒక్క మాట నలుగురికీ తెలిస్తే చాలు. పూర్తి విషయం తెలిసిన మనిషి ఒక్కరు ఉంటే మంచిది. రేపు మళ్లీ మనసు ఆగని పరిస్థితి వస్తే, కార్డు తీసే ముందు ఫోను చేయడానికి ఒకరు ఉండాలి.

మీవారితో మాట్లాడేటప్పుడు యాత్ర గురించి మొదలుపెట్టకండి. ఒక సెలవు రోజున ఇద్దరూ కూర్చుని, ప్రతి అప్పుకూ మిగిలిన అసలు, వడ్డీ రేటు, నెల వాయిదా, ఆఖరి తేదీ ఒక కాగితం మీద వేసి, అదనంగా కట్టగలిగింది మొదట ఎక్కువ వడ్డీ ఉన్నదానికి పంపేలా వరస పెట్టుకోండి. రెండు కార్డుల్లో ఒకదాని బకాయి బాగా చిన్నదైతే, రేటు కాస్త తక్కువైనా ముందు దాన్ని తీర్చేయడంలో తప్పు లేదు, ఒకటి తీరిందన్న ఊరట మీ ఇద్దరికీ ఇప్పుడు అవసరం. పై లెక్కలు ఆయనకు చూపించండి. యాత్రకు క్షమాపణ చెప్పాలని మీకు అనిపిస్తే, ఆ కాగితం పూర్తయ్యాక చెప్పండి. అప్పుడది మాట వరసకు చెప్పినట్టు ఉండదు. ఏ నెలలోనైనా వాయిదా కట్టలేమని తెలిస్తే గడువు దాటకముందే బ్యాంకుతో మాట్లాడండి, ఆ ఒక్క వాయిదా కోసం కొత్త అప్పు మాత్రం చేయకండి. ఈ ఒత్తిడి వల్ల మీ ఇద్దరిలో ఎవరికైనా వారాల తరబడి నిద్ర పట్టకపోతే వైద్యుణ్ణి కలవడం వాయిదా వేయకండి.

చివరిగా ఆ చేబదులు. వడ్డీ లేని అప్పు గనుక దాన్ని ఆఖరున తీర్చమని లెక్కలు చెబుతాయి. ఈ ఒక్కచోట లెక్కను పక్కన పెట్టమంటాను. మీరు ఫోను ఎత్తని ప్రతిసారీ ఆమెకు డబ్బు మీద అనుమానం కన్నా మీ మీద అనుమానం ఎక్కువ అవుతుంది. పైగా మీ యాత్ర సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. కనుక అందరికన్నా ముందు ఆమెనే కలవండి. కలిసేటప్పుడు చేతిలో ఎంతో కొంత, అది చిన్న మొత్తమే అయినా, పట్టుకుని వెళ్లండి. మిగిలింది నెలకు ఎంత చొప్పున, ఏ తేదీకి పంపుతారో చెప్పి, అదే విషయం ఆమెకు రాసి కూడా పంపండి. మీరు కచ్చితంగా నిలబెట్టుకోగలిగినంత చిన్న మొత్తాన్నే ఒప్పుకోండి, యాత్ర గురించి ఆమె అడగకముందే మీరే చెప్పండి. ఆమె వద్దులే, తర్వాత చూద్దాం అన్నా సరే, మొదటి వాయిదా అనుకున్న తేదీకి ఆమె ఖాతాలో పడాలి.