సమాధానం: బీఓడీ తక్కువే, అయినా అడుగున ఆక్సిజన్ ఎందుకు పడిపోతోంది?

మీ మురుగునీటి శుద్ధి ప్లాంటు వదిలే నీటిలో బీఓడీ (సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటడం లేదు, అయినా వేసవిలో సముద్రపు పాయ అడుగున ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కిందికి పోతోందన్నారు. ల్యాబ్‌ను అనుమానించకండి. మీరు చూడాల్సింది నత్రజని.

ఐదు రోజుల బీఓడీ పరీక్ష సీసాలో ఉన్న సేంద్రియ పదార్థాన్నే పట్టుకుంటుంది. నత్రజని రూపమైన నైట్రేట్ దానికి కనిపించదు. అదే నైట్రేట్ ఉప్పునీటిలో నాచును పెంచుతుంది, ఆ నాచు చచ్చి అడుగుకు చేరి కుళ్లుతుంది. ఒక గ్రాము నత్రజనితో పెరిగిన నాచు పూర్తిగా కుళ్లడానికి దాదాపు 20 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అమ్మోనియా అలాగే పోతుంటే, అందులోని నత్రజని గ్రాముకు 4.57 గ్రాముల ఆక్సిజన్‌ను నైట్రిఫికేషనే (బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చడం) తినేస్తుంది. పైగా వేసవిలో తేలికైన మంచినీటి పొర పైన మూతలా నిలబడి, గాలిని కిందికి దిగనివ్వదు.

కాబట్టి ముందు మొత్తం నత్రజని, నాచుకు మరో పోషకమైన మొత్తం భాస్వరం కొలిపించండి. ఆక్సిజన్‌ను తెల్లవారకముందే, పైనుంచి అడుగుదాకా మీటరుకోసారి చూడండి. పగటి వెలుగులో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి, మధ్యాహ్నం పైనీటి రీడింగు నమ్మితే మోసపోతారు. ఆక్సిజన్ కొలిచే పరికరంలో లవణీయత (నీటిలోని ఉప్పు శాతం) సెట్టింగు సున్నా దగ్గరే ఉందేమో కూడా చూసుకోండి, అలా ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

పాయలో ఏరేటర్లు (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) పెడదామన్నారు, ఆ డబ్బు దండగ. ప్లాంటులోనే గాలి లేని అనాక్సిక్ ట్యాంకు పెట్టి, నైట్రేట్ ఉన్న నీటిని అందులోకి తిప్పండి; అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చేస్తుంది. భాస్వరాన్ని మాత్రమే తగ్గించి ఊరుకుంటే, ఎగువన నాచు వాడుకోకుండా మిగిలిన నత్రజని దిగువన ఉప్పునీటిలో నాచును పెంచవచ్చు.