గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే మిగతా పనులన్నీ అయిపోతాయా?

పోయినసారి ల్యాప్‌టాప్‌ల గురించి ఏమైనా అడగండి అన్నా కదా, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గేమింగ్ ల్యాప్‌టాప్ మీదే. అదీ గేమ్స్ గురించి కాదు, గేమ్స్ కాకుండా మిగతా వాటికి పనికొస్తుందా అని. అడగాల్సిందే. అమ్మేవాళ్ళు చెప్పరు, రివ్యూలు చేసేవాళ్ళకి ఎంతసేపూ ఎఫ్‌పీఎస్ (గేమ్‌లో సెకనుకి ఎన్ని బొమ్మలు పడతాయో) లెక్కలే. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశా.

ప్రశ్న: అన్నా, కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరంలో ఉన్నా. పగలు క్లాసులో నోట్స్, కోడింగ్, రాత్రి కాసేపు గేమ్స్. రెండు కొనే స్తోమత లేదు, ఒక్కదాంతోనే అన్నీ గడిచిపోవాలి. సీనియర్లేమో "గేమింగ్‌దే తీస్కోరా, అన్నీ వస్తాయి" అంటున్నారు. తీస్కోనా?

జవాబు: అన్నీ వస్తాయి తమ్ముడూ, ప్లగ్గు పక్కన కూర్చుంటే. ఆ రెండో ముక్క సీనియర్లు మింగేశారు.

ఓ చిన్న లెక్క చూడు. బ్యాటరీ 60 వాట్-అవర్‌ది అనుకో. నోట్స్ రాసుకుంటూ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి పెట్టుకుంటే మెషిన్ 12 వాట్లు లాగుతోంది అనుకుందాం, 60ని 12తో భాగిస్తే 5 గంటలు, క్లాసులకి బాగానే సరిపోతుంది. అదే మెషిన్‌లో గ్రాఫిక్స్ కార్డు (గేమ్ బొమ్మలు గీసే విడి చిప్పు) నిద్రలేచి కూర్చుందనుకో, నువ్వు గేమ్ ఆడకపోయినా సరే, వాడకం 25 నుంచి 30 వాట్లకి పోయిందంటే రెండు, రెండున్నర గంటల్లో ఖాళీ, ఇంక మధ్యాహ్నం నుంచి గోడవైపు బెంచీ కోసం కొట్లాటే. కాబట్టి ఆ కార్డుని పగలంతా నిద్రపుచ్చడమే నీ పని. చాలా గేమింగ్ మెషిన్లలో ప్రాసెసర్‌లోనే ఇంకో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, హైబ్రిడ్ మోడ్‌లో పెడితే మామూలు పనులన్నీ అదే చూసుకుంటుంది, పెద్ద కార్డు అవసరమైనప్పుడే లేస్తుంది. చాలామంది చేసే తప్పేంటంటే రాత్రి గేమ్ కోసం మక్స్ స్విచ్‌ని, అంటే స్క్రీన్‌ని ఏ గ్రాఫిక్స్‌కి కలపాలో చెప్పే సెట్టింగ్‌ని, పెద్ద కార్డే నడిపే డైరెక్ట్ మోడ్‌లోకి మార్చి (అలా చేస్తే గేమ్ కాస్త వేగంగా ఆడుతుంది, నిజమే) పొద్దున వెనక్కి మార్చడం మర్చిపోతారు, తర్వాత "బ్యాటరీ దండగ, రెండు గంటలు కూడా రావట్లేదు" అని తిట్టుకుంటారు. స్క్రీన్ కూడా 144 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు బొమ్మ మారుతుంది) నుంచి 60కి దించు, కీబోర్డు కింద రంగుల లైట్లు ఆర్పెయ్, క్లాసులో వాటితో పనేముంది.

బరువు మాత్రం తగ్గించలేం. మెషినే 2.3 కిలోల దాకా ఉంటుంది, అడాప్టర్ ఇటుకలా ఇంకో అర కిలో పైనే, రోజూ మోసేది నీ భుజాలు. టైప్-సీ పోర్టులో ఛార్జింగ్ తీసుకునే మోడల్ అయితే పెద్ద అడాప్టర్ రూములోనే వదిలేసి 65 లేదా 100 వాట్ల చిన్న ఛార్జర్ బ్యాగులో వేసుకోవచ్చు, నోట్స్‌కి, కోడింగ్‌కి అది చాలు, గేమ్స్‌కి చాలదు. కొనేముందు ఈ ఒక్కటీ గట్టిగా అడుగు, ఎందుకంటే టైప్-సీ పోర్టు కనపడినంత మాత్రాన ఛార్జింగ్ ఎక్కాలని లేదు.

కోడింగ్‌కి గ్రాఫిక్స్ కార్డుతో పెద్దగా పనిలేదు, కోర్లు, ర్యామ్ కావాలి. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌ని నడిపేది), డాకర్ (ప్రోగ్రాములని విడివిడి డబ్బాల్లో నడిపేది) తెరిచావంటే 8 జీబీ అక్కడికక్కడే చతికిలపడుతుంది, 16 తీస్కో, అదీ 8 చొప్పున రెండు స్టిక్కులుగా ఉంటే మంచిది, ఒక్కటే స్టిక్ పెట్టి అమ్మే మోడళ్ళలో వేగం తగ్గుతుంది. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరం ఆడకు. నేనైతే? రోజూ బ్యాగులో మొయ్యాలంటే కొనను, రూములోనే ఉంచి వారానికి రెండుసార్లు మోసేదైతే కొంటా.

ప్రశ్న: ఇంటి నుంచే పని చేస్తానండి. ఎక్సెల్, మెయిల్స్, రోజుకి నాలుగైదు వీడియో మీటింగులు. తమ్ముడు వాడేసిన గేమింగ్ ల్యాప్‌టాప్ నాకిచ్చాడు, స్పీడ్ బ్రహ్మాండం కానీ ఫ్యాన్ మోతకి మీటింగ్‌లో వాళ్ళు "ఏంటి మేడమ్, విమానంలో ఉన్నారా" అంటున్నారు. అమ్మేసి మామూలుది కొనుక్కోమంటారా?

జవాబు: ఎక్సెల్ షీటుకి ఆ మెషిన్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే గానీ, ఊరికే వచ్చిన బ్రహ్మాస్త్రాన్ని అమ్ముకోవడం ఎందుకండీ. ముందు మెషిన్‌తో పాటు వచ్చిన కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో సైలెంట్ మోడ్ పెట్టండి, తమ్ముడుగారు దాన్ని కచ్చితంగా పూర్తి వేగంతో నడిచే టర్బోలోనే వదిలేసి ఉంటారు. అప్పటికీ అరుస్తుంటే విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది, దాన్ని 100 నుంచి 99కి మార్చండి, ఒక్క శాతమేగా అనుకోవద్దు, చాలా మెషిన్లలో దాంతో టర్బో బూస్ట్ (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం) పూర్తిగా ఆగిపోతుంది, వేడి దానంతటదే దిగుతుంది. ఎక్సెల్‌లో తేడా మీకు తెలియను కూడా తెలియదు. ఇవన్నీ చేసినా మోత తగ్గలేదంటే లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది, వెనక గాలి వచ్చే సందుల్లో చూడండి, బూజులా కనిపిస్తే సర్వీసులో ఇచ్చి శుభ్రం చేయించండి. పరుపు మీద, ఒళ్ళో పెట్టుకుని మాత్రం వాడకండి, వీటికి గాలి కిందనుంచే లోపలికి పోవాలి. వెబ్‌క్యామ్ గురించి మీరు అడగలేదు గానీ చెప్తున్నా, చాలా గేమింగ్ మోడళ్ళలో స్పష్టత తక్కువుండే 720పీదే పెట్టారు, మసగ్గా వస్తుంటే విడిగా ఒకటి కొనుక్కోండి.

ప్రశ్న: మావాడు ఆర్కిటెక్చర్‌లో చేరాడు. "చదువుకే నాన్నా" అంటూ గేమింగ్ ల్యాప్‌టాప్ అడుగుతున్నాడు. నిజంగా చదువుకేనా, లేక నన్ను బురిడీ కొట్టిస్తున్నాడా?

జవాబు: రెండూనండి. ఆర్కిటెక్చర్ వరకు మాత్రం మీవాడి మాటలో నిజముంది. 2డీ డ్రాయింగులు గీసినంతసేపు గ్రాఫిక్స్ కార్డు పెద్దగా అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఒక్కో కోరు ఎంత వేగంగా ఉంటే అంత మంచిది. బిల్డింగ్ మోడల్ తయారుచేసే రెవిట్ కూడా ఎక్కువ భారం ప్రాసెసర్ మీదా ర్యామ్ మీదే వేస్తుంది. కానీ బిల్డింగ్ మోడల్ పూర్తయ్యాక దాన్ని ఫోటోలాగా చూపించాలి కదా, రెండరింగ్, అక్కడ కార్డు కావాలి, బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్‌లలో ప్రాసెసర్ మీద రాత్రంతా నడిచే పని కార్డు మీద చాలా తొందరగా తేలిపోతుంది. మెకానికల్ వాళ్ళు వాడే సాలిడ్‌వర్క్స్ అయితే వేరే సంగతి చెప్పేవాణ్ణి, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్టిఫై చేసేది ఇలాంటి పనులకే చేసిన వర్క్‌స్టేషన్ కార్డులని, గేమింగ్ కార్డు మీద పని నడుస్తుంది గానీ ఏదైనా తేడా వస్తే సపోర్ట్ దొరకదు. మీవాడికి ఆ బాధ లేదు. కొనివ్వండి. గేమ్స్ ఆడతాడా అంటే, ఆడతాడు.

ప్రశ్న: వీడియో ఎడిటింగ్ చేస్తా, ఫోటోలు కూడా. రెండు మోడళ్ళు చూశా, రెండింట్లోనూ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060నే, ప్రాసెసర్ కూడా ఒకటే. ఒకటి సన్నగా అందంగా ఉంది, ఇంకోటి లావుగా ఉంది కానీ రేటు తక్కువ. కార్డు ఒకటే అయినప్పుడు సన్నదే తీసుకోవచ్చు కదా?

జవాబు: ఆగండాగండి. ఈ ఒక్క ప్రశ్న కోసమే అసలు కాలమ్ అంతా దీనికి ఇచ్చింది.

కార్డు పేరు ఒకటే, కార్డు ఒకటి కాదు. ల్యాప్‌టాప్‌లో వచ్చే 4060ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా సెట్ చేసుకోవచ్చు, దానిపైన డైనమిక్ బూస్ట్ (ప్రాసెసర్ వాడని వాట్లు కార్డుకి మళ్ళించడం) అని ఇంకో 25 దాకా. సన్నటి మెషిన్‌లో వేడి బయటికి పోయే దారి తక్కువ, అందుకని వాట్లు కోసేస్తారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అదన్నమాట, స్టిక్కర్ మాత్రం రెండింటికీ ఒకటే అంటిస్తారు. వాట్లు బాగా కోసిన 4060 కంటే నిండుగా ఇచ్చిన 4050 (దానికన్నా కింది మెట్టు కార్డు) కొన్ని పనుల్లో ముందుంటుంది అంటే మీరే అర్థం చేసుకోండి. స్పెసిఫికేషన్ల కాగితంలో టీజీపీ (కార్డుకి ఇచ్చే వాట్లు) అని ఎంత రాశారో వెతకండి, రాయకపోతే ఎందుకు రాయలేదో అనుమానించండి. ఇక్కడ నాకు బాగా ఒళ్ళుమండుతుంది, టీవీ కొంటే ఎన్ని అంగుళాలో చెప్తారు, ఇంత డబ్బు పోసి కొనే వస్తువుకి అసలు సంఖ్య చిన్నక్షరాల్లో ఎక్కడో మూల దాచడం ఏంటండీ.

అయితే మీ పనికి ఇంకో మెలిక ఉంది. వీడియో కట్ చేసి, జోడించి, ఎక్స్‌పోర్ట్ కొట్టే పనిలో కార్డులో విడిగా ఉండే ఎన్‌కోడర్ (వీడియోని కుదించి ఫైలుగా మార్చేది) ముక్కే ఎక్కువ కష్టపడుతుంది, దానికి వాట్లు మరీ అంత అక్కర్లేదు, కాబట్టి సన్నదాంతోనూ పని గడుస్తుంది. ఎఫెక్టులు, కలర్ గ్రేడింగ్, నాయిస్ తగ్గించడం, ఇవి మొదలెట్టినప్పుడే లావుదాని గొప్ప తెలుస్తుంది.

ఇంతకీ స్క్రీన్ చూశారా? రేటు తక్కువ గేమింగ్ మోడళ్ళలో కోత పడేది అక్కడే. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే ఓ కొలత) అని రాసుంటే ఫోటోల పనికి వదిలెయ్యండి, ఫోటోలకీ వెబ్‌కీ మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల లెక్కలో అది మూడింట రెండొంతులు కూడా పూర్తిగా రాదు, ఎరుపు రంగు పాలిపోయి కనిపిస్తుంది, మీరేమో తక్కువైందనుకుని పెంచుతారు, అవతల మంచి స్క్రీన్ మీద చూసినవాళ్ళకి మొహాలన్నీ ఎర్రగా కందిపోయి ఉంటాయి. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 300 నిట్లకి (నిట్ అంటే స్క్రీన్ వెలుతురు కొలత) తగ్గని వెలుతురు ఉన్నదే చూడండి. లావుదానికి మంచి స్క్రీన్ ఉంటే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి. లేదంటే లావుదే తీసుకుని మిగిలిన డబ్బుతో మంచి మానిటర్ పెట్టుకోండి, ఎలాగూ ఎడిటింగ్ చేసేది టేబుల్ దగ్గరే కదా.

ప్రశ్న: ఏఐ మోడల్స్ ఇంట్లోనే నడిపి చూడాలని ఉంది. గేమింగ్ ల్యాప్‌టాప్ చాలా?

జవాబు: ఆడుకోవడానికి చాలు. ఇక్కడ చూడాల్సింది కార్డు వేగం కన్నా ముందు కార్డులో ఉన్న మెమరీ, వీర్యామ్. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకుని దాచుకున్న సంఖ్యల) మోడల్ అసలు రూపంలో 16 బిట్లలో ఉంటే 14 జీబీ తింటుంది, 4 బిట్లకి కుదిస్తే 4 జీబీ చిల్లరకి దిగుతుంది, కాబట్టి 8 జీబీ కార్డులో హాయిగా పడుతుంది, 6లో ఇరుకిరుగ్గా పడుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ పెంచుకోవచ్చు గానీ ఈ వీర్యామ్ తర్వాత పెంచుకోలేరు, కొన్నప్పుడు ఎంతో అంతే. ట్రైనింగ్ లాంటి పెద్ద పనులకి క్లౌడ్‌లో అద్దెకి తీసుకోవడమే నయం.

ప్రశ్న: నాది ఎప్పుడూ టేబుల్ మీదే, ఛార్జర్ పెట్టే ఉంటుంది. బ్యాటరీ పాడవుతుందా? రోజూ తీసి పెట్టాలా?

జవాబు: తియ్యక్కర్లేదు. గేమ్ ఆడేటప్పుడైతే అసలు తియ్యకూడదు, ఎందుకంటే కార్డూ ప్రాసెసరూ కలిసి అడిగినన్ని వాట్లు బ్యాటరీ ఇవ్వలేదు, వేగం పడిపోతుంది. చెరిచేది ప్లగ్గు కాదు, 100 శాతం నిండి ఉండి పైగా వేడెక్కుతూ ఉండడం. కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర, కొన్నింట్లో 60 దగ్గర ఆపే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టేసి మర్చిపోండి. ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. మూడేళ్ళు 100 మీదే ఉంచి వాడా, ఓ రోజు టచ్‌ప్యాడ్ నొక్కితే నొక్కుడు పడట్లేదు, సాఫ్ట్‌వేర్ ఏదో చెడిందని రెండు రోజులు డ్రైవర్లు తీసి వేసి తంటాలు పడ్డా, చివరికి చూస్తే కింద బ్యాటరీ అప్పడంలా ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి తోస్తోంది. మీకలా అనిపిస్తే డ్రైవర్ల జోలికి పోకుండా వెంటనే ఆపేసి, ఛార్జర్ తీసేసి సర్వీసుకి పట్టుకెళ్ళండి, గుచ్చడం నొక్కడం లాంటి ప్రయోగాలొద్దు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ గేమింగ్ ల్యాప్‌టాప్ ఒకటి బేరానికి వచ్చింది. పిల్లల చదువుకి, ఇంట్లో సినిమాలకి. ఏం చూసి తీసుకోవాలి?

జవాబు: ముందు అది విండోస్ 11 తీసుకుంటుందా చూడండి, ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతిది, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్పు) ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తియ్యమనండి, అందులో కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని రెండు సంఖ్యలు ఉంటాయి, రెండోది మొదటిదాంట్లో సగానికి వచ్చిందంటే కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. ఏదైనా గేమ్ పెట్టి అరగంట ఆడించండి, మొదటి ఐదు నిమిషాలు అన్నీ బాగానే నడుస్తాయి, వేడెక్కాక గేమ్ ఆగి ఆగి నడిచినా, మధ్యలో ఆఫ్ అయిపోయినా వదిలెయ్యండి. మూత తెరిచి మూసేటప్పుడు కీలు దగ్గర టిక్కుమని చప్పుడొస్తోందా అనేది కూడా. ఇక అడాప్టర్ తిప్పి దాని మీద ఎన్ని వాట్లో చదవండి, 180 రావాల్సిన చోట 90 వాట్లది చేతిలో పెట్టి పంపేవాళ్ళు ఉంటారు, సినిమా చూసినంతసేపు ఏమీ తెలియదు, పిల్లలు గేమ్ మొదలెట్టాక ఛార్జర్ పెట్టి ఉండగానే బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది.