ఉత్తికాళ్లతో పరుగెత్తితే మోకాళ్లు పోతాయా? ముందు పిక్కల సంగతి చూసుకోండి

అడిగింది: "కోనసీమలో ఉంటాను. రోజూ బూట్లతో మూడు నాలుగు కిలోమీటర్లు పరుగెడతాను. బూట్లు లేకుండా ప్రయత్నించాలని ఉంది, మోకాళ్లు పాడవుతాయా?"

మోకాళ్ల కంటే ముందు పిక్కలకి వస్తుందండి తంటా. మడమ కింద మెత్త లేకపోతే మడమ ఆనించి దిగడం నొప్పి, అందుకని కాలు దానంతటదే ముందు భాగం మీద పడుతుంది. మోకాలి మీది భారం కొంత పిక్కకీ, మడమ వెనక లావుపాటి నరానికీ వెళ్తుంది. భారం తగ్గదు, చోటు మారుతుంది. "మా తాతలు చెప్పుల్లేకుండానే బతికారు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తాతలు నడిచారు, అదీ పుట్టినప్పటి నుంచీ. ఇంకొందరు ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిల పేరెత్తుతారు. నిజమే, 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్తికాళ్లతో 2:15:16కి గెలిచాడు. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లేసుకుని 2:12:11కి గెలిచాడని మాత్రం చెప్పరు.

మొదటి రెండు వారాలూ నడకే, రోజుకి పావుగంట. మూడో వారం నుంచి రోజు విడిచి రోజు నిమిషం పరుగు, నిమిషం నడక, ఐదుసార్లు. కాళ్లు అలవక ముందే ఇది కానిచ్చి, మిగతా పరుగు బూట్లతో. వారానికి రెండు నిమిషాలకు మించి పెంచొద్దు. అడుగు చిన్నగా, ఒంటి కిందే పడాలి. అర నిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి, 43-45 ఉంటే చాలు. బాగా తక్కువొస్తే అంగలు చాస్తున్నట్టే. ముందు భాగం తాకాక మడమని కూడా నేలకి ఆననివ్వండి. మునివేళ్ల మీదే ఎగిరేవాళ్లకి పిక్కలు పట్టేస్తాయి.

పరుగయ్యాక అరికాలు తిప్పి చూసుకోండి, తప్పేంటో అదే చెప్తుంది. బొటనవేలి మొదట్లో బొబ్బ వస్తే నేలని వెనక్కి తన్నుతున్నారు. వేళ్ల కొనలు గీసుకుపోతే కాలు ఎత్తకుండా ఈడుస్తున్నారు. మడమ కందితే అడుగు మరీ ముందుకేస్తున్నారు. పిక్కల నొప్పి రెండు మూడు రోజుల్లో పోతే మామూలే. పాదం పైన ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే ప్రాణం జివ్వుమంటే మాత్రం పరుగు ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. ఎముక చిట్లినా మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు.

ఇక నేల. అంతర్వేది వైపు వెళ్లి పొడి ఇసుకలో పరుగెత్తమని సలహా ఇస్తారు, వినకండి. మడమ దిగబడి వెనక నరం లాగేస్తుంది. సముద్రం పాటు మీదున్నప్పుడు నీటి అంచున గట్టిపడిన తడి ఇసుక మంచిది. అదీ ఏటవాలే కాబట్టి వెళ్లినంత దూరం అదే దారిన వెనక్కి రావాలి, లేకపోతే ఒక కాలికే దెబ్బ. కాలువ గట్టు చూడ్డానికి బాగుంటుంది గానీ వానల్లో రేగడి జారుతుంది, ఎండాకాలం ట్రాక్టర్ చాళ్లు రాయిలా బిగుసుకుంటాయి. పల్లేరు కాయలు, సీసా పెంకులు సరేసరి. గట్టెక్కి తాగేవాళ్లు సీసా ఇంటికి పట్టుకుపోతే ఏం పోయిందో! పొద్దున్నే బహిర్భూమికి వెళ్లే చోట తడి మట్టిలో కొంకి పురుగులు ఉంటాయి, అరికాలి చర్మంలోంచే లోపలికి పోతాయి. నేర్చుకోవడానికి ఊళ్లో ఊడ్చిన సిమెంటు రోడ్డే మేలు, నమ్మండి. గట్టి నేల మీద దబదబా పడితే వెంటనే తెలుస్తుంది, ఇసుక తప్పుని దాచేస్తుంది.

టీటీ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే ముందు అది వేయించుకోండి. షుగరుండి అరికాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లు దీని జోలికే పోవద్దు, ముల్లు దిగినా తెలీదు. కాలు తెగితే మానేదాకా వరిచేల నీళ్లలో దిగొద్దు, ఎలుకల జ్వరం అలాగే అంటుకుంటుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు సిమెంటు రోడ్లన్నీ ధాన్యం ఆరబోతకే, గింజల మీద కాలు జర్రున జారుతుంది. ఆ నాలుగు వారాలూ బూట్లేసుకోండి.