బ్యాండుకి పసిఫిక్ దేవుడి పేరు పెట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి మామయ్య ఆశీస్సులు.

బ్యాండుకీ, దాని పేరుతో టీషర్టులు అమ్మబోయే చిన్న కంపెనీకీ ఒకటే పేరు కావాలనీ, అది పసిఫిక్ దీవులైన పాలినీసియా పురాణాల్లోది అయితే బాగుంటుందనీ రాశావు. హినా, తానే, పెలే, మన. నువ్వు పంపిన నాలుగూ పొట్టి పేర్లే. చిక్కంతా అక్కడే ఉంది. రెండక్షరాల పేరంటే ఎవరో ఒకరు ఈపాటికే వాడేసుకుని ఉంటారు.

ముందు మన చెవితో విను. హవాయి కథల్లో హినా చంద్రుడి మీద కూర్చుని చెట్టు బెరడును బాది బట్ట తయారుచేసే దేవత. మనవాళ్ళకి మాత్రం 'హీన' గుర్తొస్తుంది. పోస్టరు మీద 'హినా సంగీతం' అని వేస్తే చదివేవాడు దీర్ఘం ఎక్కడ పెట్టుకుంటాడో నీ చేతిలో ఉండదు. తానే న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల అడవి దేవుడు. వెల్లకిలా పడుకుని, కాళ్ళతో తన్ని, ఆకాశమైన రంగినీ నేలతల్లి పాపానూ విడదీసినవాడు. కథ అద్భుతమే, కానీ "తానే పాడాడు" అంటే ఎవరు పాడినట్టు? 'మన' అంటే అక్కడ మహిమ, పలుకుబడి కలగలిసిన శక్తి. ఇక్కడ "మన పాట" అని వెతికితే తెలుగు పాటలన్నీ వస్తాయి, మీరు తప్ప.

తర్వాత దీర్ఘాలు. ఇంగ్లీషులో దీర్ఘానికి గుర్తుగా అక్షరం మీద పెట్టే గీత ఎగిరిపోతుంది కాబట్టి అక్కడి స్పెల్లింగు చూసి తెలుగులో రాయకు. హవాయి భాషలో కానె అంటే మగవాడు, ఒక పెద్ద దేవుడి పేరు కూడా. దీర్ఘం తీసేసి కనె అంటే తామర లాంటి చర్మవ్యాధి. అర్ధదేవుడు మావుయి పేరులో దీర్ఘం ఉంది, అదే పేరున్న దీవికి లేదు. మన లిపిలో ఈ తేడా హాయిగా చూపించొచ్చు, వాడుకో.

అర్థం నిఘంటువులో చూసి ఊరుకుంటే చాలదు. కెనడాలోని ఒక బీరు కంపెనీ 'ఈక' అనుకుని తన బీరుకి హురుహురు అని పేరు పెట్టింది. నిఘంటువులో ఆ అర్థం ఉన్నమాట నిజమే. మావోరీ మాట్లాడేవాళ్ళకి మాత్రం ముందు తట్టేది మర్మస్థానం వెంట్రుకలు. 2020లో ప్రపంచమంతా నవ్వింది. కాబట్టి ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషిని అడుగు. ఏ దీవి భాషో కూడా చెప్పి అడుగు. నువ్వు తానే అని రాసిన మావోరీల తానె హవాయిలో కానె, వాళ్ళ తంగరోవా అక్కడ కనలోవా, సమోవాలో తంగలోవా. పేరుతో పాటు పాత్రా మారుతుంది: మావోరీలకి సముద్ర దేవుడు, సమోవాలో సృష్టికర్త.

పూజ్యమైన మాటల జోలికి వెళ్ళకు. 2001లో లెగో తన బొమ్మలకి మావోరీ మాటలు పెట్టింది. 'తొహుంగ' అంటే వాళ్ళలో పూజారి, నిపుణుడు. అభ్యంతరాలు వచ్చాక కొన్ని పేర్లు మార్చుకోవాల్సొచ్చింది. మన ట్రేడ్‌మార్క్ చట్టం చూసేది భారత పౌరుల మత మనోభావాలనే, ఇక్కడ పేరు దాటిపోవచ్చు. న్యూజిలాండ్‌లో మావోరీ మాటలున్న దరఖాస్తుల్ని చూడ్డానికి ప్రత్యేకంగా సలహా సంఘం ఉంది.

ఇక వ్యాపారం సంగతి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో వెతుకులాట ఉచితం. వర్డ్‌మార్క్ అనే అక్షరాల వెతుకులాట ఒక్కటే చూసి మూసెయ్యకు, ఉచ్చారణ ప్రకారం వెతికే ఫొనెటిక్ కూడా చూడు. స్పెల్లింగు వేరైనా ఒకేలా వినపడితే అభ్యంతరం పెడతారు. సరుకుల్నీ సేవల్నీ రిజిస్ట్రీ క్లాసులుగా విడదీస్తుంది, నీకు మూడు కావాలి: రికార్డింగులకి 9, బట్టలకి 25, కచేరీలకి 41. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకి 4,500 రూపాయలు, మూడింటికీ 13,500. రిజిస్ట్రీ ఇచ్చే పరీక్ష నివేదికలో అభ్యంతరం వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి, పేరు రిజిస్ట్రీ జర్నల్‌లో పడ్డాక ఎవరైనా అడ్డు చెప్పడానికి నాలుగు నెలల గడువు. కంపెనీ పేరుకి, ప్రభుత్వం కంపెనీల నమోదుకి పెట్టిన ఆన్‌లైన్ ఫారం స్పైస్ ప్లస్ పార్ట్ ఎ లో రెండు పేర్లు ఇవ్వొచ్చు, 1,000 రూపాయలు, ఆమోదిస్తే 20 రోజులు అట్టిపెడతారు. కంపెనీ పేరు వచ్చింది కదా అని ట్రేడ్‌మార్క్ నీదైపోయిందనుకునేవాళ్ళు చాలామంది. రెండూ వేరు. పెద్దవాళ్ళకీ ఇది తప్పదు: మైక్రోసాఫ్ట్ 2020లో తన సాఫ్ట్‌వేర్‌కి మావుయి పేరు ప్రకటించగానే, అదే పేరుతో అప్పటికే పనిచేస్తున్నవాళ్ళు అడ్డుచెప్పారు.

సంగీతంలో పెలే కథ చూడు. హవాయిలో అగ్నిపర్వతాల దేవత, లోకానికి ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ పైన లివర్‌పూల్‌లో ఒక పెలే బ్యాండు, అమెరికాలో మిల్వాకీలో ఇంకొకటి. నీది మూడోదవుతుంది. ఇలాంటి పేరుతో పాట వదిలితే స్ట్రీమింగ్ యాప్ దాన్ని వేరేవాళ్ళ పేజీలో పడేస్తుంది, వెనక్కి లాగడానికి రోజులు పడుతుంది. మొదటి పాట ఎక్కించేటప్పుడే, పాటల్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో 'కొత్త ఆర్టిస్ట్' అని ఎంచుకో. ఒకసారి పెట్టిన స్పెల్లింగు ప్రతి పాటకీ అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి.

నన్నడిగితే దేవుళ్ళని వదిలేసి, మీ ఊరి మాటో వీధి మాటో జోడించి రెండు మాటల పేరు పెట్టు. వెతికితే దొరుకుతుంది, క్లాసుల్లోనూ గొడవ తగ్గుతుంది. ఖరారయ్యాక మూడు క్లాసుల్లో మళ్ళీ ఒకసారి వెతికి, దరఖాస్తు నంబరు చేతికొచ్చాకే టీషర్టులకి ఆర్డరివ్వు. లోగో గీసేవాడికి అడ్వాన్సు కూడా అప్పుడే.

మీ మామయ్య