సైన్స్ ఫిక్షన్ హీరో చేతిలో కత్తి ఎందుకు? ఆ కత్తి మన దగ్గర దొరకదా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అంతరిక్షంలో తిరిగే హీరోలు కూడా చివరికి కత్తి పట్టుకుని, ధ్యానం చేసుకుంటూ, గురువు మాట తలుచుకుంటూ ఎందుకు కనిపిస్తారు అన్నది మొదటిది. అలాంటి హీరోని తెలుగులో రాయాలంటే జపాన్ కత్తి యోధులైన సమురాయ్‌లనో చైనాలో యుద్ధవిద్యకు పేరుపడ్డ షావోలిన్ మఠం సన్యాసులనో అరువు తెచ్చుకోక తప్పదా అన్నది రెండోది.

తప్పకపోవడమేం లేదండి. మాది అమలాపురం. చిన్నప్పుడు వీధి తాలింఖానాలో, అంటే సాము నేర్పే చోట, కర్రసాము నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ, తీరిక దొరికినప్పుడల్లా సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తుంటాను. ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. అది కొంచెం వివరంగా చెబుతాను.

సైన్స్ ఫిక్షన్‌లో హీరోకి బలం తేరగా వస్తుంది. యంత్రం ఇస్తుంది, మందు ఇస్తుంది, ఎక్కడో గ్రహం నుంచి వచ్చినవాడు ఇస్తాడు. ఊళ్లకు ఊళ్లు లేపేసే మీట అతని వేలి కింద ఉంటుంది. అంత బలం చేతికొచ్చాక శత్రువుని కొట్టగలడా అన్న ప్రశ్నకు పస ఉండదు, ఎలాగూ కొట్టగలడు. కొట్టకుండా ఉండగలడా, ఎత్తింది దించగలడా అన్న దగ్గరే పాఠకుడికి ఊపిరి బిగుస్తుంది. ఆ ప్రశ్న మీద వందల ఏళ్లుగా కూర్చుని ఆలోచించినవాళ్లు ఆయుధం పట్టినవాళ్లే. రచయితలు తూర్పు యుద్ధవిద్యల దగ్గరికి వెళ్లింది అందుకని నా నమ్మకం.

అందరికీ తెలిసిన ఉదాహరణే చూడండి. జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1958లో తీసిన 'ద హిడెన్ ఫోర్ట్రెస్' సినిమా నుంచి తన 'స్టార్ వార్స్' (1977)కి ప్రేరణ దొరికిందని జార్జ్ లూకాస్ స్వయంగా చెప్పాడు. ఇద్దరు అల్పులు పోట్లాడుకుంటూ నడుస్తుంటే వాళ్ల కళ్లతో పెద్ద కథ చూపించడం అక్కణ్నించి వచ్చిందే. అందులో విలన్ డార్త్ వేడర్ శిరస్త్రాణంలో సమురాయ్ శిరస్త్రాణం పోలిక కనిపిస్తుంది. ఇవన్నీ పైపైన కనిపించేవి. అసలు సంగతి 1983లో వచ్చిన మూడో సినిమాలో ఉంది. ఆ వేడరే హీరో ల్యూక్‌కి తండ్రి. తండ్రిని పడగొట్టి, మీద నిలబడి, ఒక్క దెబ్బతో ముగించగలిగిన క్షణంలో ల్యూక్ కత్తిని దూరంగా విసిరేస్తాడు. అతను వీరుడయ్యేది అక్కడ.

'ద మేట్రిక్స్' (1999)లో ఇంకో కోణం ఉంది. హీరో బుర్రలోకి కుంగ్‌ఫూ మొత్తం యంత్రం ఎక్కించేస్తుంది. కళ్లు తెరిచి, నాకు వచ్చేసింది అంటాడు. వెంటనే అతని గురువు వ్యాయామశాలలో నిలబెట్టి, రావడం వేరు నీది కావడం వేరు అని దెబ్బలతో చెబుతాడు. ఆ సినిమాకి పోరాటాలు కూర్చిన యుయెన్ వూ పింగ్ మాత్రం నటుల చేత నెలల తరబడి సాధన చేయించాడు. కథలో ఉన్న అడ్డదారి ఆ కథ తీసినవాళ్లకే దొరకలేదన్నమాట. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇక నేను నేర్చుకున్నదాని గురించి. అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా జరుగుతుంది. వీధుల వారీగా వాహనాల ఊరేగింపు, దాని ముందు కర్రసాము, కత్తిసాము, నిప్పుతో చేసే విన్యాసాలు. బయటి ఊళ్లవాళ్లకు బాగా గుర్తుండేది ఒకటుంది. ఒక మనిషి నేల మీద పడుకుంటాడు, అతని ఒంటి మీద దోసకాయలో కొబ్బరికాయలో పెడతారు, కళ్లకు గంతలు కట్టుకున్నవాడు కత్తితో వాటిని నరుకుతాడు. కాయ రెండు ముక్కలవుతుంది, కింద ఉన్న మనిషికి గీత కూడా పడదు. చూసేవాళ్లు నరికినవాడికి చప్పట్లు కొడతారు. దగ్గరగా తెలిసినవాళ్లకు తెలుసు, ఆ విద్యలో నరకడం పావలా వంతు, ఆపడం ముప్పావలా వంతు. కత్తి బరువు కిందికి లాగుతుంటే, జనం అరుస్తుంటే, కాయ తొక్క దాటాక చర్మం తగలకముందు కత్తిని మణికట్టుతోనే ఆపాలి.

మాకు కర్ర చేతికిచ్చిన కొత్తలోనే గురువుగారు నేర్పింది కూడా అదే. ఎదురుగా ఇంకో కుర్రాణ్ని నిలబెట్టేవారు. పూర్తి విసురుతో కర్ర తెచ్చి వాడి భుజానికి అంగుళం దూరంలో ఆపాలి. మాకేమో ఎప్పుడెప్పుడు కొట్టుకుందామా అని ఉండేది. "కొట్టడం గేదెక్కూడా వచ్చురా, ఆపడం నేర్చుకోండ్రా ముందు" అనేవారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు: "కర్రకేసి చూత్తావేంట్రా అబ్బాయ్, మడిసికేసి చూడు."

చాలా ఏళ్ల తర్వాత, 17వ శతాబ్దపు జపాన్ జెన్ బౌద్ధ సన్యాసి తకువాన్ సోహో రాసిన ఉత్తరం అనువాదం చదివాను. అప్పటి జపాన్‌ని ఏలిన సైనిక పాలకులు తోకుగావా షోగన్‌లకు కత్తివిద్య నేర్పిన యాగ్యూ మునెనోరికి రాసింది. ఎదుటివాడి కత్తి మీద మనసు ఆగితే ఆ కత్తి నిన్ను పట్టేసుకుంటుంది, నీ కత్తి మీద ఆగితే నీ కత్తే పట్టేసుకుంటుంది, మనసుని ఎక్కడా ఆగనివ్వకు అంటాడు. వేయి చేతుల బోధిసత్వుడు అవలోకితేశ్వరుడి మనసు విల్లు పట్టిన ఒక్క చేతి మీద ఆగిపోతే తక్కిన 999 చేతులూ పనికిరాకుండా పోతాయని ఉదాహరణ ఇస్తాడు. చదువుతుంటే మా గురువుగారి గొంతే వినిపించింది. ఆయన తకువాన్ పేరు వినే అవకాశమే లేదు. అయితే ఈ ఆలోచన మనకు పరాయిదీ కాదు. మా కోనసీమలోనే, గోదావరి వైనతేయ పాయకు దగ్గర్లో, ఆదుర్రులో పాత బౌద్ధ స్తూపం ఉంది. బోధిసత్వుల కథలు ఈ ఇసుక నేల మీద కూడా చెప్పుకున్నారు.

ఇప్పుడు మన దగ్గరున్న సరుకు. సౌప్తిక పర్వం చివర్లో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రం, అంటే బ్రహ్మాస్త్రం లాంటి మహాస్త్రం, వేస్తాడు. అర్జునుడూ దానికి ఎదురు వేస్తాడు. లోకాలు కాలిపోతాయని వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి, ఇద్దర్నీ వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు తీసుకుంటాడు. అశ్వత్థామ తీసుకోలేడు. వేయడం వచ్చు, మరల్చడం రాదు. చివరికి దాన్ని ఉత్తర గర్భం మీదికి తిప్పుతాడు. ఇద్దరికీ ఆ అస్త్రం ఇచ్చింది ఒకే గురువు. అర్జునుడికి ద్రోణుడు మెచ్చి ఇచ్చాడు. కొడుకు పట్టుబడితే మనస్ఫూర్తిగా కాకుండా ఇచ్చాడు, మనుషుల మీద వేయొద్దని చెప్పి మరీ ఇచ్చాడు. దాన్ని వెనక్కి తీసుకోవడం ఇంద్రుడికైనా సాధ్యం కాదని, వ్రతనిష్ఠ వల్లే అర్జునుడికి కుదిరిందని భారతం చెబుతుంది.

సైన్స్ ఫిక్షన్ రాసేవాడికి ఇంతకంటే మంచి బీజం నాకు తెలియదు. ఒకే ఆయుధం, ఒకే గురువు, ఇద్దరు శిష్యులు, తేడా అంతా మరల్చడంలో. బ్రహ్మాస్త్రాన్ని అణుబాంబుతో పోల్చి, మనవాళ్లకు అన్నీ ముందే తెలుసు అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పోలికతో కథకి ఏమీ ఒరగదు, సైన్సుకీ ఒరగదు. అర్జునుడి చేయి ఎందుకు వెనక్కి వచ్చింది, అశ్వత్థామ చేయి ఎందుకు రాలేదు, అది పట్టుకోండి.

హీరో పాత్ర ఎలా కట్టాలో తెలియక ఇబ్బంది పడేవాళ్లకు గీత రెండో అధ్యాయం 54వ శ్లోకం చూపిస్తుంటాను. కృష్ణుడు స్థిరమైన బుద్ధి గురించి చెబుతుంటే అర్జునుడు ఆపి అడుగుతాడు, అలాంటివాడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని. సిద్ధాంతం విన్నాక మనిషిని చూపించమంటున్నాడు. కథకుడు తన హీరో గురించి వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవే.

పురాణాలు వద్దు, దగ్గరి చరిత్ర కావాలంటే అల్లూరి సీతారామరాజు ఉన్నాడు. ఆయన కుటుంబం భీమవరం దగ్గర మోగల్లుది, అంటే డెల్టా మనిషే. సన్యాసి బట్టల్లో మన్యం వెళ్లి, తాగుడు మానమని, తగాదాలు పంచాయతీల్లో తీర్చుకోమని చెప్పి, ఆ తర్వాత ఆయుధం పట్టాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకున్నాడు. ఏమేం తీసుకున్నదీ రాసి పెట్టేవాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉండి, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలను కాల్చారు ఆయన మనుషులు. చెట్ల చాటున వేలు మీట మీద పెట్టుకుని, ఎదురుగా నడిచే వరసను పోనివ్వడం ఎంత కష్టమో ఊహించండి. యోధుడిలో సన్యాసి ఎక్కడుంటాడో చూపించడానికి ఆ కనుమ చాలు. వేషంలో ఉండే కాషాయం వేరు, ఆ వేలిలో ఉండే కాషాయం వేరు.

అరువు తెచ్చుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సమురాయ్ ధర్మం అని ఈనాడు ప్రపంచం అనుకునేదాంట్లో చాలా భాగం జపాన్ రచయిత ఇనాజో నితోబే ఇంగ్లీషులో రాసి 1900 ప్రాంతంలో అమెరికాలో అచ్చు వేయించిన 'బుషిదో' పుస్తకం ద్వారా వ్యాపించింది. ఆయన క్రైస్తవుడు, పాశ్చాత్యులకు అర్థమయ్యేలా రాశాడు. తోకుగావాల కాలంలో శాంతి రెండున్నర శతాబ్దాలు నడిచింది, అప్పటి సమురాయ్‌లలో చాలామంది చేసింది దస్త్రాల ఉద్యోగం. జపాన్ కత్తి యోధుడు మియమోతో ముసాషీ 1645 ప్రాంతంలో ముగించిన 'అయిదు వలయాల పుస్తకం' తెరిస్తే మంత్రాలేమీ ఉండవు, అడుగు ఎలా వేయాలి, లయ ఎలా పట్టాలి, వడ్రంగి తన పనిముట్లు ఎలా చూసుకుంటాడు, ఇలా ఉంటుంది. బౌద్ధ సన్యాసి బోధిధర్ముడు దక్షిణాది నుంచి చైనా వెళ్లి షావోలిన్‌లో యుద్ధవిద్య నేర్పాడన్నది మనకు ఇష్టమైన కథే, కానీ ఆయనకు ఆ విద్యని అంటగట్టిన గ్రంథం 17వ శతాబ్దానిది, అంటే ఆయన తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచాక. కథగా వాడుకోండి, చరిత్రగా చెప్పకండి.

గురుశిష్య సంబంధాన్ని ఊరికే పూజించకండి కూడా. అర్జునుడికి అస్త్రం ఇచ్చిన ద్రోణుడే ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. తెల్లగడ్డం గురువు, వినయంగా తలొంచే శిష్యుడు, ఈ జంటని సైన్స్ ఫిక్షన్ లెక్కలేనన్నిసార్లు వాడింది. వేలు పోయినవాడి వైపు నుంచి రాసినవి చాలా తక్కువ. యంత్రం చూసి దూరం నుంచే నేర్చుకున్న పిల్లను ఆ యంత్రం యజమాని ఏం అడుగుతాడు? ఈ కథ మనవాళ్లు రాస్తేనే బాగుంటుంది, మనకు ఆ నొప్పి తెలుసు గనక.

నేను రాసిన ఒక కథ సంగతి చెబుతాను, పద్ధతి అర్థమవుతుందని. మా డెల్టాకి బ్రహ్మాస్త్రం నీళ్లే. ఇప్పుడు గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల (సెకనుకి అన్ని ఘనపుటడుగుల) వరద వచ్చినప్పటి సంగతులు నది మధ్య లంకల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నా కథ వందేళ్ల తర్వాత జరుగుతుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ మూడు పాయలకూ గేట్లు ఉంటాయి, ఏ పాయకి ఎంత వరద పంపాలో యంత్రం లెక్క కడుతుంది. మనుషులు తక్కువున్న లంకను ముంచి మనుషులు ఎక్కువున్న పట్నాన్ని కాపాడమంటుంది. దాని లెక్క తప్పు కాదు. కథానాయిక కర్రసాము చేసిన మనిషి, మీట ఆమె చేతిలో ఉంది. మొదటి చిత్తులో ఆమె యంత్రాన్ని బద్దలుకొట్టింది. చదివిన స్నేహితుడు, "బద్దలుకొట్టేస్తే ఇంక నీ కర్రసాము ఎందుకు?" అన్నాడు. తిరగరాశాను. ఇప్పుడు ఆమె మీట సగం దాకా నొక్కి ఆపుతుంది. గేట్లు సగంలో నిలబడతాయి. లంక ఖాళీ కావడానికి ఎంత సేపు పడుతుందో, అంతసేపు పట్నం మోకాళ్ల లోతు నీళ్లు భరించాలి. పట్నం వాళ్లతో ఆ మాట ఆమె స్వయంగా మైకులో చెప్పాలి. కథలో సగానికి పైగా ఆ సంభాషణే. అందులో కత్తి ఎక్కడా లేదు, కర్ర కూడా మొదటి పేజీలో తప్ప కనిపించదు. తాలింఖానా మాత్రం ప్రతి పేజీలో ఉందని నేను అనుకుంటాను.

మీరు రాయడం మొదలుపెడుతున్నారంటే ముందు తిక్కన భారతంలో సౌప్తిక పర్వం చదవండి, కష్టమనిపిస్తే ఏదైనా వచన భారతం అయినా పర్లేదు. తర్వాత ముసాషీ, తకువాన్. ఈలోగా దసరా వస్తే అమలాపురం వచ్చేయండి, బస చూసుకుని వచ్చారంటే ఊరేగింపు పూర్తిగా చూడొచ్చు. గంతలు కట్టుకున్నవాణ్ని అందరూ చూస్తారు. మీరు పడుకున్నవాడి ముఖం చూడండి. మీ హీరో ఎవరన్నది వాణ్ని అడిగి నిర్ణయించుకోవచ్చు.